కోర్‌కి కట్టిన చీటీ: ఒక రీమాన్యుఫ్యాక్చరింగ్ ప్రాజెక్టు డైరీ

మొదటి వారం

మొదటి లాట్ బెంచ్ దగ్గరికి చేరింది. 16 పాత కారు ఆల్టర్నేటర్లు (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని ఛార్జ్ చేసేవి), చెక్కపెట్టెలో ఒకదాని మీద ఒకటి పడేసి ఉన్నాయి. ఈ పనిలో వీటిని కోర్‌లు అంటారు. కోర్‌ని పూర్తిగా విప్పి, కడిగి, ఒక్కో భాగాన్నీ పరీక్షించి, అరిగినవి మార్చి, మళ్లీ బిగించాలి. కొత్తదానిలాగే పనిచేస్తోందని టెస్ట్ బెంచ్ మీద తేలాకే బయటికి పంపాలి. అదీ రీమాన్యుఫ్యాక్చరింగ్. రిపేరులోనైతే పాడైన ముక్క మార్చి వదిలేస్తాం. ఇక్కడ బాగున్న ముక్క కూడా నిజంగా బాగుందని తేల్చుకోవాలి. ఇది కొత్తగా పుట్టిన పనేమీ కాదు. ఫ్రాన్స్ కార్ల కంపెనీ రెనో పారిస్ దగ్గరి షువాజీ-ల-రువాలో 1949లోనే మొదలుపెట్టింది, భారీ యంత్రాలు చేసే క్యాటర్‌పిల్లర్ 1973లో.

నేను తెలుసుకోవాలనుకుంటున్నవి రెండు. చేయగా చేయగా పని చేతికి పట్టుబడి, ఒక్కో యూనిట్‌కి అయ్యే ఖర్చు తగ్గుతుంది. ఇది లెర్నింగ్ ఎఫెక్ట్. ఇక పాత సరుకు సేకరించి, తయారైన సరుకు అమ్మే రిటైలర్‌కి తెలిసిన సంగతులు తయారీదారుకి తెలియవు. ఆయన చెబితే ఎవరికి లాభం, ఎవరికి నష్టం? ఈ రెండూ ఒకే చోట కలిస్తే ఏమవుతుందో చూడాలని పని పెట్టుకున్నాను. సగం పని బెంచ్ మీద, సగం స్ప్రెడ్‌షీట్‌లో.

విమానాల తయారీ ఖర్చు మీద 1936లో రైట్ అనే ఇంజనీరు రాసిన పేపరే లెర్నింగ్ లెక్కలకు మూలం. మొత్తం ఉత్పత్తి రెట్టింపైన ప్రతిసారీ యూనిట్‌కి పట్టే సగటు శ్రమ ఒక స్థిరమైన నిష్పత్తిలో తగ్గుతుందని ఆయన చూపించాడు. ఆ నిష్పత్తి 80 శాతం. నా బెంచ్‌కి సరళంగా ఇలా వేసుకున్నాను: మొదటిదానికి 50 నిమిషాలు పడితే రెండోదానికి 40, నాలుగోదానికి 32, ఎనిమిదోదానికి దాదాపు 26, పదహారోదానికి 20 పైచిలుకు. విప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి ఏ ముక్క ఉంచాలో ఏది మార్చాలో తేలేదాకా స్టాప్‌వాచ్ నడుస్తుంది.

మొదటిది 52 నిమిషాలు. రెండోది 47. అనుకున్నట్టే వస్తోందని సంబరపడ్డాను. మూడోది 71.

మూడోదాని సంగతి వివరంగా రాసుకోవాలి. ఆల్టర్నేటర్ పై తొడుగులోని రెండు సగాలను, అంటే బ్రాకెట్లను, కలిపి పట్టుకునే త్రూ బోల్టులు నాలుగు. వాటిలో రెండు తుప్పుపట్టి అల్యూమినియంకి అతుక్కుపోయాయి. పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టి కాసేపు ఆగాను. ఒకటి కదిలింది. రెండోదాన్ని తిప్పుతుంటే తల తెగి చేతిలోకి వచ్చింది. డ్రిల్ పెట్టి మిగిలిన ముక్క తీసేసరికి అరగంట అయింది. లోపల చూస్తే స్టేటర్ (కదలకుండా ఉండే భాగం) రాగి చుట్లన్నీ ఆకుపచ్చగా మారి ఉన్నాయి. తీసింది తీసినట్టే స్క్రాప్‌లోకి పోయింది.

నా పక్క బెంచ్‌లో పనిచేసే అన్న చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాడు. వచ్చి చూసి, "ఇది నీళ్లలో మునిగిన సరుకు తమ్ముడూ. ముందే తెలిసుంటే బోల్టుల జోలికి పోయేవాడివే కాదు, మీటర్ పెట్టి స్టేటర్ చూసి పక్కన పడేసేవాడివి" అన్నాడు.

"ఎలా తెలుస్తుందన్నా?"

"బండి నుంచి ఊడదీసినవాడికి తెలుసు. మనకి చెప్పేవాడే లేడు."

ఆ మాట నోట్‌బుక్ అట్ట మీద రాసుకున్నాను.

రెండో వారం

16 అయిపోయాయి. గ్రాఫ్ గీస్తే చుక్కలు ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి. నాలుగోది 38 నిమిషాలు, ఐదోది 64, పదమూడోది 30, పదహారోది 59. వాటి మీదుగా ఏ గీత గీసినా అది నా ఇష్టానికి గీసినట్టే ఉంటుంది తప్ప లెక్కకి నిలబడదు.

మరి నా చేయి తిరగలేదా అంటే, తిరిగింది. మొదట్లో స్లిప్ రింగుల (లోపల తిరిగే భాగమైన రోటర్‌కి కరెంటు అందించే రింగులు) మధ్య రెసిస్టెన్స్ చూడటానికి మీటర్ ప్రోబ్‌లు ఎక్కడ ఆనించాలో వెతుక్కునేవాణ్ని. ఇప్పుడు చూడకుండానే పెట్టగలను. 12 వోల్టుల వాటిలో మామూలుగా 2 నుంచి 5 ఓమ్స్ దాకా చూపిస్తుంది. అసలేమీ చూపించకపోతే వైండింగ్ తెగినట్టు. స్లిప్ రింగుకీ షాఫ్ట్‌కీ మధ్య కనెక్షన్ కనిపిస్తే ఇన్సులేషన్ పోయినట్టు. నేర్చుకున్నది ఉంది, గ్రాఫ్‌లో కనిపించడం లేదు. కోర్‌కీ కోర్‌కీ మధ్య ఉన్న తేడా దాన్ని కప్పేస్తోంది.

ఈ రంగంలో ప్లానింగ్ ఎందుకు కష్టమో వివరిస్తూ 2000లో గైడ్ అనే పరిశోధకుడు ఏడు కారణాలు చెప్పాడు. పాత సరుకు ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో తెలియకపోవడం మొదటిది. ఒక్కోదానికి ఎంత టైము పడుతుందో, అది ఏ దారిలో పోతుందో తెలియకపోవడం చివరిది. చదివినప్పుడు అవి ఏడు వాక్యాలే. మూడో కోర్ తల తెగిన బోల్టు ఇప్పుడు నా టేబుల్ మీద ఉంది, దాన్ని చూసినప్పుడల్లా ఆ చివరి వాక్యం గుర్తొస్తోంది.

మూడో వారం

సరుకు పంపే రిటైలర్‌ని అమ్మకాల అంకెలు అడిగాం. ఏ నెలలో ఎన్ని పోయాయి, వచ్చే నెలకి ఎంత అనుకుంటున్నారు, అంతే. ఇవ్వనన్నాడు. "అంకెలు మీ చేతికిస్తే రేటు పెంచేది మీరే కదండీ" అన్నాడు. కోపం వచ్చింది. ఒకే గొలుసులో ఉన్నవాళ్లం, దాచుకుంటే అందరికీ నష్టమే కదా అనిపించింది.

అదే కోపంలో మోడల్ మొదలుపెట్టాను. స్టాకెల్‌బర్గ్ పద్ధతి: తయారీదారు ముందు హోల్‌సేల్ రేటు చెబుతాడు, అది చూసి రిటైలర్ ఆర్డర్ పెడతాడు. పాత సరుకు సేకరణ కూడా రిటైలర్‌కే అప్పగించాను. సేకరణ తయారీదారు చేయాలా, రిటైలర్ చేయాలా, బయటి ఏజెన్సీ చేయాలా అని సవస్కన్, భట్టాచార్య, వాన్ వాసెన్‌హోవ్ 2004లో పోల్చి చూశారు. వాళ్ల మోడల్‌లో కస్టమర్‌కి దగ్గరగా ఉండే రిటైలర్ చేయడమే మేలని తేలింది.

అంకెలన్నీ ఊహా సంఖ్యలే, చేత్తో సరిచూసుకోవడానికి వీలుగా తీసుకున్నవి. మార్కెట్ సైజు 120 కావచ్చు, 80 కావచ్చు, రెండింటికీ సమానమైన అవకాశం. మార్కెట్ సైజులోంచి అమ్మకం ధర తీసేస్తే వచ్చేది డిమాండ్. యూనిట్ ఖర్చు 40. మార్కెట్ ఎలా ఉందో రిటైలర్‌కి తెలుసు, తయారీదారుకి తెలియదు.

ముందు లెర్నింగ్ లేకుండా. రిటైలర్ చెప్పకపోతే తయారీదారు సగటు చూసుకుని రేటు 70 పెడతాడు. మంచి మార్కెట్‌లో ఆర్డర్ 25, చెడ్డదాంట్లో 5. సగటు లాభం తయారీదారుకి 450, రిటైలర్‌కి 325. రిటైలర్ చెప్పేస్తే రేటు మంచి మార్కెట్‌లో 80, చెడ్డదాంట్లో 60. తయారీదారు లాభం 500 అవుతుంది, రిటైలర్‌ది 250కి పడిపోతుంది.

తయారీదారుకి 50 పెరిగింది, రిటైలర్‌కి 75 పోయింది. ఇద్దరిదీ కలిపితే 775 నుంచి 750కి తగ్గింది. పెరిగిన 50 మొత్తం ఇచ్చినా రిటైలర్‌కి పోయిన 75 పూడదు. రెండుసార్లు సరిచూశాను. ఆయన మాటే నిజం. మేము రేటు పెంచేవాళ్లమే.

నాలుగో వారం

ఇప్పుడు లెర్నింగ్ కలిపాను. రెండు రౌండ్లు. మొదటి రౌండ్‌లో తయారైన ఒక్కో యూనిట్ వల్ల రెండో రౌండ్ ఖర్చు 0.8 చొప్పున తగ్గుతుంది. మొదటి ఆర్డర్ చూశాక తయారీదారుకి మార్కెట్ ఎలాగూ అర్థమైపోతుంది. కాబట్టి దాచినా చెప్పినా తేడా మొదటి రౌండ్ దగ్గరే పుడుతుంది.

మొదట ఇద్దరూ ఒకే కంపెనీ అయితే ఎలా ఉంటుందో చూద్దామని అది రన్ చేశాను. రెండో రౌండ్ ఖర్చు సున్నాకి కిందికి పోయింది. ఖర్చు తగ్గే గీతని వంపు లేకుండా తిన్నగా పెట్టుకుంటే ఇదే చిక్కు: రైట్ చెప్పిన వంపు ఎప్పటికీ సున్నాని తాకదు, నా గీతకి ఆ హద్దు లేదు. ఆ పోలిక పక్కన పెట్టి, ఇద్దరూ వేరువేరుగా ఉన్న లెక్కకే పరిమితమయ్యాను. అక్కడ ఖర్చు 17 కంటే కిందికి దిగదు.

లెర్నింగ్ ఉంటే సమాచారం విలువ పెరుగుతుందని, రిటైలర్‌కి కూడా ఏదో ఒక రూపంలో మిగులుతుందని అనుకున్నాను. అలా రాలేదు. దాచితే తయారీదారు లాభం 1223, చెబితే 1250. అంటే రిటైలర్ చెప్పడం వల్ల ఆయనకి అదనంగా వచ్చేది 50 నుంచి 27కి తగ్గింది. రిటైలర్‌కి నష్టం దాదాపు 71, అది పెద్దగా మారలేదు. ఇద్దరికీ కలిపి నష్టం 25 ఉన్నది దాదాపు 44 అయింది.

ఎందుకిలా అని ఒకరోజంతా కూర్చున్నాను. ఆర్డర్లు పక్కపక్కన రాసుకుంటే కనిపించింది. దాచినప్పుడు రేటు రెండు మార్కెట్లలోనూ 62.5. మంచి మార్కెట్‌లో ఆర్డర్ 28.75, చెడ్డదాంట్లో 8.75. చెప్పినప్పుడు మంచి మార్కెట్‌లో రేటు 70కి పెరిగి ఆర్డర్ 25కి తగ్గుతుంది, చెడ్డదాంట్లో రేటు 55కి దిగి ఆర్డర్ 12.5కి పెరుగుతుంది. సగటు ఆర్డర్ రెండు రకాలుగానూ 18.75. అంటే నేర్చుకున్నది మొత్తం మీద అంతే, కానీ అది మంచి మార్కెట్‌లోంచి చెడ్డ మార్కెట్‌లోకి జరిగింది. ఖర్చు తగ్గితే ఎక్కువ ఉపయోగం ఎక్కడ? ఎక్కువ సరుకు పోయే చోట. సరిగ్గా అక్కడే, తెలిసిన వెంటనే రేటు పెంచి, చేయి తిరిగే అవకాశాన్ని తయారీదారు తానే తగ్గించుకుంటున్నాడు.

ఈ లెక్క చూశాక రిటైలర్ మీద కోపం పోయింది. మర్నాడు ఫోన్ చేసి, అంకెలు అడగడం మాదే పొరపాటని చెప్పాను. ఇంకో మాట కూడా అడిగాను: అమ్మకాలు వద్దు, ఒక్కో కోర్‌ని ఎందుకు తీసేశారో మాత్రం చీటీ మీద రాసి కట్టగలరా? "అదెంతసేపండీ, ఊడదీసేటప్పుడే రాయిస్తాం" అన్నాడు.

ఐదు, ఆరు వారాలు

కోర్‌లు రాలేదు. పని లేదు.

ఏడో వారం

రెండో లాట్ వచ్చింది. మళ్లీ 16. ఈసారి ప్రతిదానికీ తీగతో కట్టిన చిన్న అట్టముక్క ఉంది. "మోత", "ఛార్జింగ్ లేదు", "నీళ్లు", "తెలియదు". కొన్నిటి మీద గ్రీజు వేలిముద్రలు పడి అక్షరాలు చదవడం కష్టమైంది కానీ, మొత్తం మీద విడదీయగలిగాను.

మోత అన్నవి ముందు పెట్టుకున్నాను. మోత అంటే చాలావరకు బేరింగే. రోటర్ షాఫ్ట్ పట్టుకుని తిప్పితే వేళ్లకే తెలుస్తుంది, ఇసుక నలిగినట్టు ఉంటుంది. మొదటిది 41 నిమిషాలు, రెండోది 34, మూడోది 33, నాలుగోది 29. ఎన్ని వారాలుగానో వెతుకుతున్న వంపు కళ్ల ముందుకు వచ్చింది. తర్వాత నీళ్లవి. వీటికి అన్న చెప్పిన వరస పెట్టుకున్నాను: బోల్టులు ముట్టుకోకముందే టెర్మినల్స్ దగ్గర మీటర్. మూడు కోర్‌లు ఐదు నిమిషాల్లోపే పక్కకి పోయాయి. విప్పదగ్గవి 66, 58, 51. ఎక్కువ టైమే, కానీ ఇక్కడ కూడా వరసగా దిగుతోంది.

మొదటి లాట్‌లో నేను నేర్చుకోలేదని కాదు. మోత కోర్ దగ్గర నేర్చుకున్నది తర్వాత వచ్చిన నీళ్ల కోర్ దగ్గర పనికిరాలేదు. నాలుగు రకాల పనులను ఒకే పని అనుకుని, ఒకే గ్రాఫ్ గీశాను. చీటీ ఉంటే ఒకే రకం పని వరసగా చేతికి వస్తుంది, చేయి వేగంగా తిరుగుతుంది.

ఇంకొకటి కూడా గమనించాను. లాట్‌లో మొట్టమొదటి కోర్‌కి 41 నిమిషాలు పట్టడం ఖాళీగా ఉన్న వారాల ప్రభావమే అనుకుంటున్నాను, మొదటి లాట్ చివర్లో మోత కోర్ ఒకటి 30కే అయింది మరి. నేర్చుకున్నది నిల్వ ఉండదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కట్టిన లిబర్టీ ఓడల లెక్కలు తీసి ఆర్గోట్, బెక్‌మన్, ఎపుల్ 1990లో ఇదే చూపించారు. పని ఆగితే నైపుణ్యం కరిగిపోతుంది. కోర్‌లు ఎప్పుడొస్తాయో తెలియని రంగంలో ఇది ఎంత ఖరీదైన సంగతో ఇప్పుడు తెలుస్తోంది. మోడల్‌లో మరపు ఇంకా పెట్టలేదు.

ఎనిమిదో వారం

చీటీని మోడల్‌లోకి తెచ్చాను. ఈసారి మార్కెట్ 100 దగ్గర స్థిరం. తెలియనిది కోర్ పరిస్థితి: మంచి లాట్ అయితే యూనిట్ ఖర్చు 30, చెడ్డదైతే 50. రిటైలర్‌కి ముందే తెలుసు. చెప్పకపోతే విప్పాక, అంటే రెండో రౌండ్‌కి, తయారీదారుకీ తెలుస్తుంది.

లెర్నింగ్ లేకుండా: రిటైలర్ చెబితే తయారీదారు లాభం 450 నుంచి 462.5కి, రిటైలర్ లాభం 225 నుంచి 231.25కి. ఇద్దరిదీ పెరిగింది. ఆ గడి చూసి లేచి నిలబడ్డాను.

లెర్నింగ్ కలిపితే, చెప్పడం వల్ల తయారీదారుకి వచ్చే లాభం 12.5 నుంచి 18.75కి పెరిగింది. రిటైలర్‌ది 6.25 నుంచి 13.28కి, రెట్టింపుకి పైనే. లెర్నింగ్ వచ్చాక డిమాండ్ కబురు విలువ తయారీదారుకి తగ్గింది, కోర్ కబురు విలువ ఇద్దరికీ పెరిగింది. ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా నాకు దొరికిన అసలు ఫలితం ఇదే.

కారణం రేటు కదిలే దిశలో ఉంది. డిమాండ్ సంగతి తెలిస్తే రేటు రిటైలర్‌కి ఎదురు తిరుగుతుంది, బాగా అమ్ముడుపోయే రోజునే పెరుగుతుంది. అదీకాక, మార్కెట్‌కి తగ్గట్టు ఆర్డర్ మార్చుకునే వీలు రిటైలర్‌కి ముందే ఉంది, చెప్పి కొత్తగా పొందేదేమీ లేదు. కోర్ సంగతి అలా కాదు. తయారీదారుకి తెలిస్తేనే రేటు ఖర్చుతో పాటు కదులుతుంది. లెర్నింగ్ ఉన్న లెక్కలో మంచి లాట్‌కి రేటు 62.5 బదులు 56.25, ఆర్డర్ 18.75 నుంచి 21.875కి. చెడ్డ లాట్‌కి 68.75, ఆర్డర్ 15.625. చవగ్గా తయారయ్యే చోటే ఎక్కువ తయారవుతుంది, నేర్చుకోవడమూ అక్కడే జరుగుతుంది.

తొమ్మిదో వారం

అన్నకి ఈ లెక్క చూపించాను. ఓపిగ్గా విని ఒకే ప్రశ్న వేశాడు: "మంచి లాట్ అంటే రేటు తగ్గుతుందన్నావు కదా, మరి ప్రతిసారీ మంచిదే అని రాసి పంపితే?"

నిజమే. నా మోడల్‌లో రిటైలర్ అబద్ధం ఆడడు. అసలు మనిషికి 68.75 బదులు 56.25 పడాలనే ఆశ ఉంటుంది. డిమాండ్ విషయంలో కూడా ఇదే సమస్య ఉంది, అక్కడ "మార్కెట్ బాగాలేదు" అని చెప్పాలనిపిస్తుంది. కానీ కోర్ దగ్గర ఒక తేడా ఉంది. చివరికి దాన్ని విప్పుతాం. "మోత" అని రాసినదాని లోపల ఆకుపచ్చ స్టేటర్ ఉంటే, రాసినవాడి మాట ఎంత నిజమో బెంచ్ మీదే తెలుస్తుంది.

అందుకని చీటీని రెండు భాగాలు చేశాను. పై సగం ఊడదీసినవాళ్లు రాస్తారు, కింది సగం విప్పినవాళ్లం మేం రాస్తాం. రెండు సగాలూ ఎంతవరకు కలిశాయన్న దాన్నిబట్టి కోర్ డిపాజిట్ తిరిగిచ్చే మొత్తం మారాలి. సరుకు కొనేటప్పుడు కట్టించుకుని, పాతది తిరిగిస్తే వాపసు చేసే ఈ డిపాజిట్ పద్ధతి ఈ రంగంలో ఎప్పటి నుంచో ఉంది, కొత్తగా ఏమీ పెట్టక్కర్లేదు. "తెలియదు" అని రాయడానికి జరిమానా ఉండకూడదు. ఉంటే ఎవరూ నిజంగా తెలియనిదాన్ని తెలియదని రాయరు.

పెద్ద ఎత్తున ఇదే పని యూరప్‌లో బ్యాటరీలకు రాబోతోంది. 2023లో తెచ్చిన బ్యాటరీ నిబంధనల ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి ఎలక్ట్రిక్ వాహనాల బ్యాటరీలకు డిజిటల్ పాస్‌పోర్ట్ ఉండాలి. అందులో కొన్ని వివరాలు అందరూ చూడొచ్చు, మరికొన్ని రిపేరు, రీమాన్యుఫ్యాక్చరింగ్, రీసైక్లింగ్ చేసేవాళ్ల లాంటి వాళ్లకే కనిపిస్తాయి. ఎవరికి ఏది తెలియాలో విడదీసి ఆలోచించడం నాకు చాలా నచ్చింది. నా లెక్క కూడా అటువైపే చూపిస్తోంది.

మోడల్‌లో మిగిలిన పని చాలా ఉంది. నా రిటైలర్ ఒక్క రౌండే చూసుకుంటాడు. రెండు రౌండ్లూ ఆలోచించేవాడైతే, రెండోసారి ఖర్చు తగ్గాలని మొదట ఎక్కువ ఆర్డర్ పెట్టొచ్చు. లేదా మార్కెట్ బాగుందన్న గుట్టు బయటపడకుండా తక్కువ పెట్టొచ్చు. ఏది గెలుస్తుందో లెక్క వేయాలి. మరపు కలపాలి. తిన్నని గీత తీసేసి రైట్ వంపు పెట్టాలి.

పదో వారం

రెండు సగాల చీటీతో మూడో లాట్ వచ్చింది. 16లో 11 చీటీల పై సగం, కింది సగం కలిశాయి. మూడు "తెలియదు". రెండింటిలో తేడా వచ్చింది, రెండూ "ఛార్జింగ్ లేదు" అని రాసినవే. విప్పితే రోటర్, స్టేటర్, రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే భాగం) అన్నీ బాగానే ఉన్నాయి, బ్రష్‌లు కూడా అరగలేదు. టెస్ట్ బెంచ్ మీద పెడితే రెండూ ఛార్జ్ ఇచ్చాయి. ఆ బండ్లలో లోపం బహుశా వైరింగ్‌లోనో బెల్టులోనో ఉండి ఉంటుంది, ఆల్టర్నేటర్‌ని అనవసరంగా మార్చారు.

ఈ సంగతి రిటైలర్‌కి ఫోన్ చేసి చెప్పాను. ఆయన కాసేపు ఆగి, "ఇలాంటివి ఇంకా వస్తే మాకు రాసి పంపండి, ఊడదీసేవాళ్లకి చూపిస్తాను" అన్నాడు. కబురు అటు నుంచి ఇటే వస్తుందని గీసుకున్న బొమ్మలో, ఇటు నుంచి అటు ఇంకో బాణం గీశాను. వచ్చే వారం నుంచి కింది సగం కార్బన్ కాపీ ఆయనకి వెళ్తుంది.